ఎవరైనా కొట్టి గాయపరిస్తే: ఏ సెక్షన్ పడుతుంది, ఏ శిక్ష ఉంటుంది, కేసు ఏ క్రమంలో నడపాలి

తలకు ఎనిమిది కుట్లు పడినా నిందితుడు సాయంత్రానికల్లా బెయిలు మీద ఇంటికి ఎలా వచ్చాడని ఒకరు అడుగుతారు. ఒక్క పన్ను ఊడినందుకు ఏడేళ్ల శిక్ష పడే కేసు ఎలా పెట్టారని మరొకరు అడుగుతారు. రెండింటికీ జవాబు ఒకటే. చట్టం కుట్లను లెక్కపెట్టదు. గాయం ఏ రకానిది, దేనితో చేశారు అన్న రెండు ప్రశ్నలు వేసి, వాటి జవాబులను బట్టి సెక్షన్ నిర్ణయిస్తుంది. ఆ జవాబులు చాలావరకు మొదటి రోజు ఆసుపత్రిలో రాసే కాగితం మీదే ఖాయమవుతాయి. అందుకే ఈ మార్గదర్శిలో కోర్టు సంగతుల కన్నా మొదటి రోజు సంగతులే ఎక్కువగా ఉంటాయి.

ఇక్కడ చెప్పేది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం. ఆ తేదీకి ముందు జరిగిన దాడులకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి.

## 1. ముందుగా మీ గాయం ఏ గడిలో పడుతుందో చూసుకోండి

సాధారణ గాయం (సెక్షన్ 114). శరీరానికి నొప్పి, జబ్బు లేదా బలహీనత కలిగిస్తే చాలు, అది గాయమే. రక్తం కారనక్కరలేదు, కమిలిన మచ్చ కనిపించనక్కరలేదు. చెంపదెబ్బ కూడా ఇందులోకే వస్తుంది.

తీవ్ర గాయం (సెక్షన్ 116). ఇది చట్టం ముందే గిరిగీసి పెట్టిన జాబితా. ఇందులో ఉన్నవి ఎనిమిదే:

- పుంసత్వం పోగొట్టడం
- ఏ కంటి చూపైనా శాశ్వతంగా పోవడం
- ఏ చెవి వినికిడైనా శాశ్వతంగా పోవడం
- ఏదైనా అవయవం లేదా కీలు పోవడం
- అవయవం లేదా కీలు పనితీరు నాశనం కావడం, శాశ్వతంగా దెబ్బతినడం
- తల లేదా ముఖం శాశ్వతంగా వికృతం కావడం
- ఎముక లేదా పన్ను విరగడం, స్థానం తప్పడం
- ప్రాణాపాయం కలిగించే గాయం, లేదా 15 రోజులపాటు తీవ్రమైన నొప్పితో బాధపడటం, రోజువారీ పనులు చేసుకోలేకపోవడం

పాత చట్టంలో చివరి అంశానికి 20 రోజులు ఉండేది. ఇప్పుడు 15కు తగ్గించారు. అయితే 15 రోజులు ఆసుపత్రి మంచం మీద ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ రోజుల్లో తీవ్రమైన నొప్పి ఉందని, లేదా పనులు చేసుకోలేకపోయారని డాక్టరు నోట్సులో కనిపించాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. గోడకేసి తోస్తే తల చిట్లి ఎనిమిది కుట్లు పడ్డాయి, పుర్రె ఎముకకు ఏమీ కాలేదు, ప్రాణాపాయం లేదు. చట్టం దృష్టిలో అది సాధారణ గాయమే. పిడికిలితో గుద్దితే ముందు పన్ను విరిగింది. అది జాబితాలో ఏడో అంశం, కాబట్టి తీవ్ర గాయం. ఇది అన్యాయమనిపించవచ్చు. కానీ వాదనతో జాబితా మారదు.

ఎముక రెండు ముక్కలైతేనే విరిగినట్టు అనుకోకండి. చీలినా, కత్తివేటుకు కొంతవరకు తెగినా విరిగినట్టే లెక్క అని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది.

ఇంకో మెలిక ఉంది. గాయం తీవ్రమైనదైతే సరిపోదు. అంతటి గాయం చేయాలన్న ఉద్దేశం గానీ, అలా జరగవచ్చన్న ఎరుక గానీ కొట్టినవాడికి ఉండాలి. ఒక్క చెంపదెబ్బకు తూలి పడి మణికట్టు విరిగితే, నిందితుడి తరఫు న్యాయవాది పట్టుకునే మొదటి పాయింటు ఇదే.

## 2. దేనితో కొట్టారు, ఎంత శిక్ష

115(2). సాధారణ గాయం. ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా దొరుకుతుంది. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేని నాన్ కాగ్నిజబుల్ నేరం. పాత ఐపీసీలో 323.

118(1). ప్రమాదకరమైన ఆయుధంతో సాధారణ గాయం. మూడేళ్ల వరకు జైలు, లేదా 20,000 వరకు జరిమానా, లేదా రెండూ. నాన్ బెయిలబుల్. పాత 324.

117(2). ఆయుధం లేకుండా తీవ్ర గాయం. ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు, కానీ బెయిలబుల్. పాత 325.

118(2). ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్ర గాయం. కనీసం ఏడాది, గరిష్ఠంగా పదేళ్లు లేదా యావజ్జీవం, జరిమానా. నాన్ బెయిలబుల్. పాత 326.

117(3). గాయం వల్ల శాశ్వత వైకల్యం గానీ, తేరుకోలేని అచేతన స్థితి గానీ వస్తే కనీసం పదేళ్లు, యావజ్జీవం వరకు. ఇది కొత్తగా చేర్చినది.

117(4). ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి కులం, భాష, పుట్టిన ఊరు, లింగం, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణంతో తీవ్రంగా గాయపరిస్తే గుంపులో ప్రతి ఒక్కరికీ ఏడేళ్ల వరకు. ఇదీ కొత్తదే.

124. యాసిడ్ దాడి. కనీసం పదేళ్లు, యావజ్జీవం వరకు. జరిమానా సొమ్ము బాధితులకే వెళ్లాలి. యాసిడ్ పోయడానికి ప్రయత్నించినా ఐదు నుంచి ఏడేళ్లు.

అవతలివాడు ఒక్కసారిగా తీవ్రంగా రెచ్చగొట్టడం వల్ల కొట్టినట్టు తేలితే సెక్షన్ 122 కింద శిక్ష బాగా తగ్గుతుంది. సాధారణ గాయానికి నెల రోజులు లేదా 5,000, తీవ్ర గాయానికి ఐదేళ్లు. దెబ్బ తగలకుండా తోయడం, కాలరు పట్టుకోవడం వంటివి 131 కిందకు వస్తాయి. మూడు నెలలు లేదా 1,000 రూపాయలు.

బండితో గుద్దడం వేరే దారి. అక్కడ ఉన్నది నిర్లక్ష్యం, ఉద్దేశం కాదు. సెక్షన్ 125 చూడాలి.

ఏది ఆయుధం? తుపాకి, కత్తి, నిప్పు, వేడి పదార్థం, విషం, యాసిడ్, పేలుడు పదార్థం, ఉసిగొల్పిన జంతువు స్పష్టంగా ఉన్నాయి. మిగతావాటికి కొలబద్ద ఒకటే: ఆయుధంగా వాడితే చావు కలిగించగలదా? కర్ర, రాయి, ఇటుక, బీరు సీసా అన్నీ ఈ సందిగ్ధంలోనే ఉంటాయి. కేరళకు చెందిన ఒక కేసులో 2005లో సుప్రీంకోర్టు రాయి పరిమాణాన్ని పరిశీలించి, అది ప్రమాదకరమైన ఆయుధం కాదని 326ను 325కు తగ్గించింది. మనిషి పళ్లు ఆయుధం కావని 2004లో మరో కేసులో చెప్పింది. అందుకే ఫిర్యాదులో "కర్రతో కొట్టాడు" అని వదిలేయకండి. ఎంత పొడవు, ఎంత లావు, ఇనుప కట్టు ఉందా అన్నది రాయాలి.

## 3. మొదటి రోజు: ఆసుపత్రి

ప్రాణం ముందు, కాగితం తర్వాత. 108కి ఫోన్ చేయండి, దగ్గరలో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి వెళ్లండి. పోలీసులు వచ్చేదాకా ముట్టుకోబోమని ఏ డాక్టరూ అనడానికి లేదు. ఈ సంగతిని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చి చెప్పింది.

నిలకడగా ఉంటే ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి లేదా జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లడం మేలు. అక్కడ మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయవలసిన గాయంగా) నమోదు చేయడం, పోలీసులకు సమాచారం పంపడం రోజువారీ పని. ప్రైవేటు ఆసుపత్రి అయితే మీరే గట్టిగా అడిగి మెడికో లీగల్ కేసుగా రాయించుకోండి.

డాక్టరుకు ఏం చెప్పాలి

ఎవరు, దేనితో, ఎక్కడ కొట్టారో ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు చెప్పిన మాటను డాక్టరు రిజిస్టరులో మొదటి వాక్యంగా రాస్తారు. ఏడాదిన్నర తర్వాత కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ మొదలయ్యేది ఆ వాక్యం దగ్గరే.

ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు చాలామంది ఇక్కడే నష్టపోతారు. పక్కన భర్తో అత్తగారో నిలబడి ఉంటారు. "బాత్రూంలో జారిపడ్డాను" అనేస్తారు. ఆ ఒక్క మాట తర్వాతి నిజాలన్నిటికీ అడ్డుగోడ అవుతుంది. వెంట వచ్చినవారిని బయటికి పంపి మాట్లాడమని డాక్టరును గానీ నర్సును గానీ అడగండి. ఇప్పటికే అలా చెప్పి ఉంటే, దాచకుండా ఫిర్యాదులోనే ఒప్పుకొని, ఎవరి ముందు ఏ భయంతో అలా చెప్పవలసి వచ్చిందో రాయండి.

తప్పక చేయించవలసిన పరీక్షలు

- వాపు, కదిపితే నొప్పి ఉన్న ప్రతిచోటా ఎక్స్‌రే. వేళ్లు, పక్కటెముకలు, ముక్కు ఎముక చాలాసార్లు మరుగున పడతాయి.
- పన్ను కదులుతుంటే దంత వైద్యుడికి రెఫరల్. పన్ను అంతకుముందే కదిలేదన్న వాదన వస్తుంది, కాబట్టి చిగురు నుంచి రక్తం, వాపు నోట్ చేయించండి.
- చెవి మీద దెబ్బ తగిలితే చెవి డాక్టరు పరీక్ష, వినికిడి పరీక్ష. చెంపదెబ్బకు కర్ణభేరి చిరగడం మామూలే, తరచూ కొన్ని వారాల్లో తనంత తానే మానుతుంది. చట్టం అడిగేది శాశ్వత నష్టాన్ని. అందుకని కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించి రెండు రిపోర్టులూ దాచండి.
- తలకు దెబ్బ తగిలి వాంతి, మత్తు, స్పృహ తప్పడం ఉంటే స్కానింగ్.

ఎక్స్‌రే ఫిల్ము మీద పేరు, తేదీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఫిల్ము లేకుండా కేవలం "ఎముక విరిగింది" అన్న డాక్టరు మాట కోర్టులో నిలవడం కష్టం.

మీ చేతిలో ఉన్న పని

గాయాల ఫొటోలు ఆ రోజే తీయండి. కమిలిన గాయం రెండు మూడు రోజులకు రంగు తేలుతుంది, అప్పుడు మళ్లీ తీయండి. ముఖం కనిపించేలా ఒకటి, దగ్గరగా ఒకటి. తీసిన ఫోను అమ్మేయకండి, ఒరిజినల్ ఫైలు చెరిపేయకండి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన కాపీ కన్నా అసలు ఫైలుకే విలువ. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జత చేయవలసి వస్తుంది.

రక్తం అంటిన చొక్కా ఉతకవద్దు. ఆరబెట్టి కాగితపు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో చెమ్మకు పాడవుతుంది. పోలీసులకు ఇచ్చేటప్పుడు పంచనామా రాయించి ఇవ్వండి.

దుకాణం, అపార్టుమెంటు సీసీ కెమెరాల ఫుటేజీ కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది. యజమాని ఇవ్వకపోతే, ఫలానా కెమెరాలో ఫలానా సమయం రికార్డు ఉందని ఫిర్యాదులోనే రాయండి. సేకరించవలసిన బాధ్యత పోలీసుల మీద పడుతుంది.

## 4. ఫిర్యాదు రాయడం

మంచి ఫిర్యాదు ఒకటిన్నర పేజీకి మించదు. సెక్షన్లు మీరు రాయనక్కరలేదు. జరిగింది రాస్తే సెక్షన్ వాళ్లు వేస్తారు.

1. మీ పేరు, వయసు, చిరునామా, ఫోను.
2. తేదీ, సమయం, కచ్చితమైన స్థలం. "ఊళ్లో" అని కాదు, "రామాలయం ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు ముందు" అని.
3. గొడవ ఎందుకు మొదలైంది: రెండు వాక్యాలు చాలు. పొలం గట్టు తగాదా చరిత్ర మొత్తం ఇక్కడ వద్దు.
4. ఎవరు, దేనితో, ఎక్కడ, ఎన్నిసార్లు కొట్టారు. ఒక్కొక్కరి పని విడివిడిగా.
5. దారి అడ్డగించారా, ఇంట్లోకి చొరబడ్డారా, బెదిరించారా, అన్నమాటలు ఏమిటి.
6. ఎవరు చూశారు, ఎవరు విడిపించారు.
7. ఏ ఆసుపత్రికి ఏ సమయానికి వెళ్లారు.
8. ఆలస్యమైతే కారణం. "ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నాను" అన్నది కారణం. "పెద్దమనుషులు మాట్లాడతామన్నారు" అన్నదీ కారణమే, నిజమైతే రాయండి.

ఐదో అంశం ఎందుకంటే, వాటిలో కొన్ని కేసు స్వరూపాన్నే మార్చేస్తాయి. కొట్టడానికి సిద్ధపడి ఇంట్లోకి చొరబడితే సెక్షన్ 333, ఏడేళ్ల వరకు, నాన్ బెయిలబుల్. దారి అడ్డగించి కదలనీయకపోతే 126(2). శిక్ష నెల రోజులే అయినా అది కాగ్నిజబుల్, అంటే పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరం. దాని విలువ తర్వాతి భాగంలో తెలుస్తుంది.

ఇద్దరు కొడితే ఆ ఇద్దరి పేర్లే రాయండి. అన్నను, వదినను, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడిని కూడా చేర్చాలని కోపం తొందరపెడుతుంది. ఆ తమ్ముడి ఆఫీసు హాజరు ఒక్కటి కోర్టుకు వస్తే మిగతా ఇద్దరి మీద మీ మాటకూ బలం తగ్గిపోతుంది. "చంపడానికే వచ్చారు" అన్న వాక్యమూ అంతే. హత్యాయత్నం సెక్షన్ 109 పడాలంటే ఆయుధం, దెబ్బ తగిలిన చోటు, ఎన్నిసార్లు కొట్టారన్నదే ఆ ఉద్దేశాన్ని చెప్పాలి. మీ వాక్యం చెప్పలేదు.

## 5. పోలీసు స్టేషన్‌లో

మీరు ఆసుపత్రిలో ఉంటే వెళ్లనక్కరలేదు. సమాచారం అందుకున్న పోలీసులు వచ్చి మీ వాంగ్మూలం రాసుకుంటారు, దాని మీదే ఎఫ్‌ఐఆర్ అవుతుంది. సంతకం పెట్టే ముందు చదివి వినిపించమనండి. రాసినది మీరు చెప్పినట్టు లేకపోతే దిద్దేదాకా సంతకం పెట్టకండి.

కేసు నడిపే పద్ధతిని చెప్పే కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ఇచ్చిన మూడు వెసులుబాట్లు గుర్తుంచుకోండి (ఇకపై వచ్చే 174, 223, 175(3), 35(3), 230, 528 కూడా ఈ సంహితవే).

- జీరో ఎఫ్‌ఐఆర్. విజయవాడ బస్టాండులో చెయ్యి విరగ్గొట్టారు, మీరు ఖమ్మం చేరుకున్నారు. ఖమ్మంలోనే ఇవ్వవచ్చు. "మా పరిధి కాదు" అన్న మాట చెల్లదు.
- ఎలక్ట్రానిక్ ఫిర్యాదు. పంపిన మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి.
- ఉచిత కాపీ. ఎఫ్‌ఐఆర్ కాపీని బాధితుడికి వెంటనే ఉచితంగా ఇవ్వాలి.

మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేయవచ్చు. 118(1) ఇందులోకి వస్తుంది. కాబట్టి కొన్ని రోజులు ఆగమన్నంత మాత్రాన కేసు తిరస్కరించారని అనుకోవద్దు. 14 రోజులు దాటితే మాత్రం రాతపూర్వకంగా అడగండి.

## 6. "కోర్టుకు వెళ్లండి" అన్నప్పుడు

గాయం కేసుల్లో ఎక్కువమంది ఆగిపోయే చోటు ఇదే. మీది ఒక్క 115(2) మాత్రమే అయితే పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. సెక్షన్ 174 ప్రకారం మీ ఫిర్యాదు సారాన్ని రిజిస్టరులో రాసి, మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమనాలి. అంటే వాళ్లు చెప్పింది చట్టమే, దానికి స్టేషన్‌లో అరిచి లాభం లేదు.

మీరు చేయగలిగినవి:

- రిజిస్టరు ఎంట్రీ నంబరు, తేదీ తీసుకోండి.
- దర్యాప్తుకు అనుమతి కోరుతూ కోర్టుకు రాయమని పోలీసులను అడగండి.
- లేదా మీరే న్యాయవాది ద్వారా మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయండి. మీ వాంగ్మూలం, సాక్షుల వాంగ్మూలం ప్రమాణం మీద రాసుకుంటారు. విచారణకు స్వీకరించే ముందు అవతలివారి మాట కూడా వినాలని సెక్షన్ 223 చెబుతోంది.
- జరిగిన వాటిలో ఒక్కటైనా కాగ్నిజబుల్ నేరం ఉంటే మొత్తం కేసును కాగ్నిజబుల్‌గానే చూడాలి. దారి అడ్డగించిన విషయం నిజంగా జరిగి ఉండి, ఫిర్యాదులో మరిచిపోయి ఉంటే, అది ఇక్కడ అక్కరకు వచ్చేది. జరగనిది చేర్చితే మాత్రం మీ మీదే తిరగబడుతుంది.

గడువు మరవకండి. ఏడాది వరకు శిక్ష ఉన్న నేరాన్ని కోర్టు ఏడాదిలోపే విచారణకు స్వీకరించాలి. మూడేళ్ల వరకు శిక్ష ఉన్నవాటికి మూడేళ్లు. అంతకు మించితే గడువు లేదు. "పెద్దమనుషుల్లో తేలుతుంది" అని చెంపదెబ్బ కేసును ఏడాది నాన్చితే, తేల్చడానికి ఏమీ మిగలదు.

## 7. కాగ్నిజబుల్ నేరమైనా కేసు కట్టకపోతే

కాగ్నిజబుల్ నేరం కనిపిస్తుంటే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఈ వరసలో వెళ్లండి, మెట్టు దాటవేయకండి.

1. అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి లేదా కమిషనరుకు రాతపూర్వకంగా పోస్టులో పంపండి. రశీదు భద్రం.
2. స్పందన లేకపోతే సెక్షన్ 175(3) కింద మేజిస్ట్రేటుకు అర్జీ. ప్రమాణపత్రం జత చేయాలి. ఎస్పీకి పంపిన రశీదు లేకపోతే అర్జీ ఇక్కడే తిరిగి వస్తుంది.

లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. ఫోను 15100. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

## 8. మామూలు సెక్షన్లకు తోడు పడే చట్టాలు

న్యాయ సంహిత దేశమంతటికీ ఒకటే. దానిపైన రాష్ట్రం, కేంద్రం చేసిన ప్రత్యేక చట్టాలు కొన్ని ఉన్నాయి. ఫిర్యాదులో సందర్భం రాయకపోతే ఇవి పడవు.

ర్యాగింగ్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో చేసిన ర్యాగింగ్ నిషేధ చట్టం గాయానికి తన సొంత కొలతలు పెట్టుకుంది. ఆటపట్టించి అవమానిస్తే ఆరు నెలలు, చెయ్యి చేసుకుంటే ఏడాది, గాయపరిచినా నిర్బంధించినా రెండేళ్లు, తీవ్రంగా గాయపరిస్తే ఐదేళ్ల వరకు జైలు. హాస్టల్లో సీనియర్ కొట్టిన దెబ్బ మామూలు సెక్షన్‌లో ఏడాది, ఈ చట్టంలో రెండేళ్లు. ఫిర్యాదు పోలీసులకు, ప్రిన్సిపాలుకు రెండు చోట్లా ఇవ్వండి.

ఆసుపత్రి సిబ్బంది మీద దాడి. 2008 నాటి రాష్ట్ర చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, నాన్ బెయిలబుల్. మనిషి పోయిన బాధలో డ్యూటీ డాక్టరు మీద చెయ్యి ఎత్తే బంధువులకు ఈ సంగతి సాధారణంగా మర్నాడే తెలుస్తుంది.

ఎస్సీ, ఎస్టీల మీద దాడి. నిందితుడు ఆ వర్గాలకు చెందనివాడైతే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం తోడవుతుంది. దర్యాప్తు డీఎస్పీ హోదా అధికారే చేయాలి. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. ఫిర్యాదులో ఇరువైపుల వారి కులం, అన్న మాటలు స్పష్టంగా ఉండాలి.

ఇంట్లో హింస. భర్త లేదా అతని బంధువుల క్రూరత్వానికి సెక్షన్ 85, మూడేళ్ల వరకు. దీనికి వేరుగా 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వులు, ఇంట్లో ఉండే హక్కు కోరవచ్చు. మహిళల సహాయ నంబరు 181.

## 9. కేసు కట్టాక

ఎఫ్‌ఐఆర్‌లో పడిన సెక్షన్ చివరిది కాదు. పోలీసులు ఆసుపత్రికి రాసి వూండ్ సర్టిఫికెట్ తెప్పించుకుంటారు. అందులో ప్రతి గాయం పక్కన సాధారణమా తీవ్రమా, మొద్దు వస్తువుతోనా పదునైన వస్తువుతోనా అన్నది ఉంటుంది. ఎముక విరిగినట్టు తేలితే సెక్షన్ మార్పు మెమో కోర్టుకు వెళ్లాలి. మీ ఎక్స్‌రే వారం తర్వాత ప్రైవేటులో తీయించినదైతే ఆ సంగతి దర్యాప్తు అధికారికి తెలియదు. కాపీలు మీరే తీసుకెళ్లి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

"అరెస్టు ఎందుకు చేయలేదు?" అని అందరూ అడుగుతారు. ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు అవసరమన్న కారణం రాయలేకపోతే, సెక్షన్ 35(3) కింద నోటీసు ఇచ్చి విచారించాలి. 117(2), 118(1) ఇందులోకే వస్తాయి. నోటీసు ఇచ్చారంటే కేసు నీరుగార్చారని కాదు. నిందితుడు బెదిరిస్తున్నా, సాక్షుల ఇళ్లకు వెళ్తున్నా అది వేరు. ఆ మాట వెంటనే రాసి ఇవ్వండి.

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు తెలియజేయాలి. చార్జిషీటు దాఖలయ్యాక, మీ తరఫున న్యాయవాది ఉంటే పత్రాల కాపీలు మీకూ ఇవ్వాలని సెక్షన్ 230 చెబుతోంది. వూండ్ సర్టిఫికెట్‌లో ఏమి రాశారో సాధారణంగా అప్పుడే మొదటిసారి చూస్తారు.

## 10. ఎదురు కేసు, రాజీ

ఊరి గొడవల్లో మీరు స్టేషన్ మెట్లు దిగేలోపు అవతలివాళ్లు ఎక్కుతుంటారు. వాళ్లకూ గాయాలుంటే ఆ విషయం మీ ఫిర్యాదులో ఉండాలి. కర్ర లాక్కుని తిరిగి కొట్టి ఉంటే అలాగే రాయండి. ఆత్మరక్షణ హక్కు న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. అవతలివాడి తల పగిలిన సంగతి మీ కథలో ఎక్కడా లేకపోతే, కోర్టు మీ కథ మొత్తాన్నీ అనుమానిస్తుంది.

రాజీకి అన్ని సెక్షన్లూ ఒకేలా లొంగవు.

- 115(2): గాయపడినవారు ఒప్పుకుంటే చాలు.
- 117(2): కోర్టు అనుమతి కావాలి.
- 118(1), 118(2): రాజీ జాబితాలో లేవు. ఇద్దరూ కలిసిపోయినా హైకోర్టుకు వెళ్లి సెక్షన్ 528 కింద కేసు కొట్టివేయమని అడగవలసిందే.

రాజీ పడితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే, అదే విషయం మీద మళ్లీ కేసు ఉండదు. కాబట్టి వైద్యం పూర్తయి, చెయ్యి మామూలుగా పనిచేస్తుందో లేదో తెలిశాకే సంతకం పెట్టండి. మణికట్టులో వేసిన ప్లేటు తీయడానికి రెండో ఆపరేషన్ ఉంటే ఆ ఖర్చూ లెక్కలో కలపండి. తెల్ల కాగితం మీద, పెద్దమనిషి ఇంటి అరుగు మీద జరిగిన రాజీ కోర్టులో కేసును ఆపదు. లోక్ అదాలత్‌లోనో, మేజిస్ట్రేటు ముందో రికార్డు చేయించండి. డబ్బు చెక్కు రూపంలో తీసుకోండి.

## 11. ఫైల్లో ఉండవలసినవి

- ఎఫ్‌ఐఆర్ కాపీ లేదా రిజిస్టరు ఎంట్రీ నంబరు
- మొదటి రోజు ఓపీ చీటీ, మెడికో లీగల్ కేసు నంబరు
- ఎక్స్‌రే ఫిల్ములు, స్కాన్లు, వాటి రిపోర్టులు
- డిశ్చార్జి సమ్మరీ, తర్వాతి చెకప్ చీటీలు
- మందుల, ఆసుపత్రి బిల్లులు. కోర్టు పరిహారం ఇప్పించేటప్పుడు లెక్కకు వస్తాయి
- పనికి వెళ్లలేని రోజుల రుజువు: సెలవు చీటీ, హాజరు పట్టీ, కూలి మేస్త్రీ రాసిచ్చిన కాగితం
- ఫొటోలు, వీడియోలు ఉన్న అసలు ఫోను
- సాక్షుల పేర్లు, ప్రస్తుత చిరునామాలు. వలస వెళ్లినవారి కొత్త ఫోను నంబర్లు
- ఎస్పీకి పంపిన అర్జీ, పోస్టు రశీదు
- కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీలు ఒక కాగితం మీద

నిందితుడికి శిక్ష పడినా పడకపోయినా, వైకల్యం మిగిలిన బాధితులు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా బాధితుల పరిహార పథకం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి అడిగేవీ పై జాబితాలో ఉన్న కాగితాలే.